అత్తయ్య చేతికొచ్చిన కొమ్ముల గిటారు

సోమవారం

చిరంజీవి పిచ్చుకకు,

అత్తయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం, నా గిటారు తప్ప.

నిన్న హోటల్లో వాయింపు అయ్యాక మెట్లు దిగుతుంటే మా డ్రమ్ముల పెద్దాయన తన పెద్ద డ్రమ్ముని జారవిడిచాడు. అది సరిగ్గా నా గిటారు పెట్టె మీద పడింది. పాపం ఆయనకి ఎనభై దాటాయి. కళ్ళజోడు ఉంది కానీ అదెప్పుడూ జేబులోనే ఉంటుంది. పెట్టె తెరిచి చూస్తే గిటారు మెడ తల దగ్గర నిలువునా పగిలి ఉంది. ముప్ఫై ఏళ్ళు నాతో తిరిగిందిరా అది. మెట్ల మీదే కూలబడి ఏడ్చాను. నన్ను చూసి పెద్దాయనా ఏడ్చాడు. మా పాటాయన మాత్రం, "మరి రేపేం వాయిస్తావు?" అన్నాడు. దేవుడు ఆ మనిషికి గొంతిచ్చి గుండె మర్చిపోయాడు.

గిటారుని పార్సిల్లో పంపుతున్నాను. చేతిలో ఉన్న పనులన్నీ పక్కన పెట్టి దీని సంగతి చూడు. ఎందుకంటే ఇక్కడ మా కొంప మునిగేలా ఉంది. ఈ హోటలు భోజనాల హాల్లో పంతొమ్మిదేళ్ళుగా వాయిస్తున్నామా, ఇప్పుడో కొత్త మేనేజరు దిగాడు. వస్తూ వస్తూ పాటలు పాడే మిషనొకటి వెంటేసుకొచ్చాడు. బొత్తాం నొక్కితే వెయ్యి పాటలట. "మీ ముగ్గురూ కలిపి ఎన్ని రకాలు వాయించగలరండీ?" అని నన్నడిగాడు, నవ్వుతూనే. నెలాఖరు శనివారం పరీక్ష. ఆ సాయంత్రం భోజనానికొచ్చినవాళ్ళు ఏ రకం అడిగితే ఆ రకం వాయించాలి. మెప్పిస్తే మేముంటాం, లేదంటే మిషనుంటుంది. ఈ వయసులో మమ్మల్ని కొత్తగా ఎవరు పిలుస్తారు? డ్రమ్ములు లేకపోతే పెద్దాయన వారం తిరక్కుండా మంచం ఎక్కుతాడు. ఇక నా సంగతి నీకు చెప్పాలా.

బాగయ్యేదాకా వాయించుకోవడానికి నీ కొట్లోంచి ఏదో ఒకటి పంపు. కానీ చూడ్డానికి మర్యాదగా ఉండాలి. నువ్వు చదువుకోసం మా ఇంట్లో ఉన్నప్పుడు, నీ పదిహేడో ఏట, ఎర్రటిది, రెండు కొమ్ములది ఒకటి తెచ్చి తలుపేసుకుని ఇల్లు అదరగొట్టేవాడివి, గుర్తుందా? "ఈ ఇంట్లో అదో నేనో తేలిపోవాలి" అని పట్టుబట్టి దాన్ని నీ చేత అమ్మించేశాను. మంచి పని చేశాను. ఇవాళ నువ్వు పదిమంది గిటార్లు బాగుచేస్తూ పద్ధతిగా బతుకుతున్నావంటే అదే కారణం.

ఇట్లు,
నీ మేలు కోరే
అత్తయ్య

తా.క.: నా కుట్టు మిషను ఇంకా గడగడలాడుతూనే ఉంది. దాని పక్కనుండే ఇత్తడి స్క్రూ నువ్వు మా ఇంట్లో ఉన్న రోజుల్లోనే ఎక్కడో పడిపోయిందిగా. ఇరవై రెండేళ్ళుగా ఆ కన్నంలో అగ్గిపుల్ల దోపి కుడుతున్నాను. నీ కొట్లో అలాంటిది దొరుకుతుందేమో చూడు.


గురువారం

అత్తయ్యకు నమస్కారాలు.

పార్సిల్ అందింది. పగులు పెద్దదే. జిగురు పట్టించి, బిగించి, ఆరనిచ్చి, చెక్కి, మళ్ళీ మెరుగు పెట్టాలి. తొందరపడితే నీ చేతిలోనే రెండు ముక్కలవుతుంది. నీ పరీక్షకి ముందురోజు, అంటే శుక్రవారానికి, నీ ఇంట్లో ఉండేలా పంపుతాను. అంతకుముందు నా వల్ల కాదు.

ఈలోగా ఒక కరెంటు గిటారు, దానికి తగిలించే చిన్న స్పీకరు పంపుతున్నాను. పెట్టె తెరిచేముందు కాస్త కుర్చీలో కూర్చో అత్తా. రంగు నలుపు, ఆకారం కొంచెం అదో రకం. మెటల్ అని చెవులు హోరెత్తించే పాటలు వాయించేవాళ్ళు వాడే రకం. ఏం చెయ్యను, కొట్లో ఉన్నవాటిలో వాయించడానికి పనికొచ్చే స్థితిలో ఇదొక్కటే ఉంది. ఇది నాది కాదులే, ఒక కస్టమరుది. ఊరూరా తిరిగి కచేరీలు చేసే బృందానికి నాయకుడు. అసలు పేరేమిటో నాకూ తెలీదు, అందరూ ఉరుము అంటారు. ఈ నెలంతా ఊళ్ళో ఉండడు, వాడుకోమన్నాడు. చూడ్డానికి భయంకరంగా ఉంటాడు గానీ మనసు వెన్న.

ఒక్క వారం ఓపిక పట్టు. దాన్ని మచ్చిక చేసుకుంటే ఏది చెప్తే అది పలుకుతుంది.

ఇట్లు,
నీ మేనల్లుడు

తా.క.: అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. మీటేముందు వాల్యూమ్ నాబ్ నాలుగు దగ్గర పెట్టు. నాలుగు దాటితే నేను చెప్పలేను.


మంగళవారం

ఒరేయ్ పిచ్చుకా,

ఆశీస్సులు తర్వాత. నేను నిన్ను గిటారు అడిగానా, ఆయుధం అడిగానా?

పెట్టె తెరిచేసరికి మా వాళ్ళిద్దరూ పక్కనే ఉన్నారు. పెద్దాయన కళ్ళజోడు తీసి పెట్టుకుని మరీ చూసి, "దీన్ని ఏ వైపు పట్టుకోవాలమ్మా, గుచ్చుకోకుండా?" అన్నాడు. పాటాయన రెండడుగులు వెనక్కి వేశాడు. ఒళ్ళో పెట్టుకుందామంటే రెండు కొమ్ముల మధ్య నుంచి నా తొడ జారిపోతోంది. చేసేది లేక పట్టీ తగిలించుకుని నిలబడ్డాను. ఆ పట్టీ తగిలించే చోట ఏదో ఇత్తడి స్క్రూ ఉంది, అదొక్కటే గట్టిగా ఉంది. ముప్ఫై ఏళ్ళుగా కూర్చుని వాయించినదాన్ని, నన్ను నిలబెట్టావు.

ఇక శ్రుతి. తల దగ్గర తీగలు బిగించే చెవులు గంటసేపు తిప్పాను. ఉలుకూ లేదు పలుకూ లేదు. పెద్దాయన వచ్చి తనూ తిప్పాడు. పాటాయన దూరం నుంచే "అటు కాదు, ఇటు" అని సలహాలు. నా మణికట్లు నొప్పెట్టాయి గానీ తీగకి చీమ కుట్టినట్టయినా లేదు. కింద పొడుగ్గా ఒక కడ్డీ మాత్రం బాగా పెట్టారు, నా చేతిసంచి దానికి తగిలించుకున్నాను. తగిలించగానే ఉన్న శ్రుతి కూడా పోయింది.

ఎలాగో తంటాలు పడి ఆదివారం హోటలుకి తీసుకెళ్ళాను. భోజనాల వేళ, మెల్లగా సాగే పాత ప్రేమపాట. ఒక్కసారి మీటాను. ఒక్కసారేరా! కిటికీ అద్దాలు జల్లుమన్నాయి. ఒకాయన సూపు చెంచా వదిలేశాడు. వడ్డించే అమ్మాయి పళ్ళెం పట్టుకుని వచ్చినదారినే వెనక్కి వెళ్ళిపోయింది. మేనేజరు గదిలోంచి బయటికొచ్చి తన మిషను మీద దుమ్ము తుడిచాడు.

ఇంటికొచ్చి నీ ఉత్తరం మళ్ళీ తీశాను. అసలు సంగతి తా.క.లో పెట్టావేమిట్రా? నేను తా.క.లు రాస్తాను గానీ చదవను.

ఇట్లు,
కోపంగా ఉన్న
నీ అత్తయ్య

తా.క.: ఆ ఉరుముతో చెప్పు, గిటారు మీద పుర్రె బొమ్మ ఎందుకతికించాడని. ఇంట్లో పెద్దవాళ్ళు లేరా?


శుక్రవారం

అత్తయ్యకు నమస్కారాలు.

ముఖ్యమైనవి ముందే రాస్తున్నాను. ఈసారి నా ఉత్తరానికి తా.క. ఉండదు.

తల దగ్గర తీగలకి తాళం వేసి ఉంటుంది. అందుకే చెవులు తిప్పినా లాభం లేదు. పెట్టె లోపలి జేబులో వంకర తాళంచెవి ఉంది, దాంతో తాళం వదులు చేసి శ్రుతి చేసి మళ్ళీ బిగించు. ఆ పైన చిన్న సవరణలు కావాలంటే కింద తీగలు ఆనే బ్రిడ్జి మీద ఆరు చిన్న మరలున్నాయి, వాటితో చాలు. ఒకసారి కుదిరిందా, నెలరోజులు కదలదు. ఆ కడ్డీ కొక్కెం కాదు అత్తా. దాన్ని నొక్కితే తీగలన్నీ కలిసి వదులవుతాయి, వదిలితే మళ్ళీ స్థానానికొస్తాయి. స్వరం ఊగుతుంది. సంచీ తగిలిస్తే ఊగడం కాదు, ఉరేసుకుంటుంది.

వాల్యూమ్ నాలుగు. పక్కనున్న స్విచ్చి మెడవైపుకి. అక్కడి పికప్, అంటే తీగల కింద కనిపించే నల్ల డబ్బా, స్వరాన్ని గుండ్రంగా పట్టుకుంటుంది. ఇది అరవడానికే పుట్టిందని అందరూ అనుకుంటారు. గట్టిగా అరవగలిగే గొంతే గుసగుస కూడా బాగా చెబుతుంది. అరుపంతా ఆ నాబ్ చివర్లో ఉంది, మొదట్లో ఉన్నదంతా వేరే మనిషి.

నిన్న ఒక్క పూట ఊళ్ళోకొస్తే నీ ప్రశ్న ఉరుముకి చేరవేశాను. పుర్రె బొమ్మ చిన్నతనంలో తెలియక అతికించాడట, ఇప్పుడు తీస్తే రంగు ఊడుతుందని ఊరుకున్నాడట. "మీ అత్తయ్య గారికి నా క్షమాపణలు" అన్నాడు. చెప్తున్నప్పుడు నేల చూపులు చూశాడు.

ఇట్లు,
నీ మేనల్లుడు


బుధవారం

చిరంజీవి పిచ్చుకకు,

ఆశీస్సులు. నీ గిటారు మీద ఫిర్యాదులు ఇంకా చాలా ఉన్నాయి, వరసగా రాస్తాను.

నువ్వు చెప్పినట్టే నాలుగులో పెట్టి, స్విచ్చి మెడవైపుకి తోసి, హోటల్లో అదే ప్రేమపాట వాయించాను. కిటికీ దగ్గర కూర్చున్న ముసలి దంపతులు తినడం ఆపి ఒకరినొకరు చూసుకున్నారు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. సూపు చల్లారిపోయింది. వడ్డించేవాళ్ళకి ఇబ్బందే కదా.

సోమవారం పసిపిల్లల బడిలో మధ్యాహ్నం పడుకోబెట్టే వేళకి వాయించమని టీచరమ్మ పిలిచింది. ఈ కొమ్ములు చూసి పిల్లలు జడుసుకుంటారని వాటికి రెండు ఊలు మేజోళ్ళు తొడిగి తీసుకెళ్ళాను. జోలపాట మొదలుపెట్టాక నా మోచెయ్యి ఆ కడ్డీకి తగిలింది. స్వరం కిందికి జారి మళ్ళీ పైకొచ్చింది. అచ్చం ఉయ్యాల ఊపినట్టే. సరేనని ఈసారి కావాలనే నొక్కాను. ఇరవైమంది పిల్లలూ పడుకున్నారు. టీచరమ్మా పడుకుంది. పెద్దాయన కూడా గోడకానుకుని గుర్రు పెట్టాడు. వాళ్ళందరినీ లేపేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇది గిటారుకుండాల్సిన లక్షణమేనా?

మేజోళ్ళు ఒక పాపాయికి నచ్చి ఉంచేసుకుంది. అదో నష్టం.

మెడ మాత్రం సన్నంగా ఉంది. అది ఒప్పుకుంటాను.

ఇకపోతే, ముక్కూ మొహం తెలియని మనిషి తన వాయిద్యం ఇచ్చాడు. నేను చేతులూపుకుంటూ ఊరుకునే రకం కాదు. ఉరుముకి ఒక చొక్కా కుడతాను. కొలతలు పంపు. అంచనా కొలతలు వద్దు, టేపు పెట్టి తియ్యి.

ఇట్లు,
అవస్థ పడుతున్న
నీ అత్తయ్య

తా.క.: అతనేం తింటాడు? పెళ్ళయిందా? అరిచి అరిచి గొంతు పాడైతే వేడినీళ్ళు తాగమను.


శనివారం

అత్తయ్యకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి నిజంగా బాధేసింది. చల్లారిన సూపు, లేవని పిల్లలు, పోయిన మేజోళ్ళు. అన్నీ నా వల్లే. నీకు ఇష్టం లేనిదాన్ని నీ నెత్తిన రుద్దాను.

ఇక నువ్వు కష్టపడక్కర్లేదు. నీ గిటారు మెడ అనుకున్నదానికంటే బాగా అతికింది. అన్న మాట ప్రకారం శుక్రవారానికి నీ ఇంటికొస్తుంది. పార్సిల్ తెచ్చినవాడి చేతికే నల్లదాన్ని అప్పగించెయ్. ఉరుము కూడా ముందుగానే తిరిగొచ్చాడు, తన గిటారు కావాలంటున్నాడు.

అత్తా, ఒక మాట అడగనా? గిటారు మెడ ఏళ్ళతరబడి ఎవరు ఎలా నొక్కారో చూపిస్తుంది. వేలిని అడ్డంగా పరిచి ఆరు తీగలూ నొక్కాల్సిన చోట నీ గిటారు మెడ మీద రెండేళ్ళ దుమ్ము పేరుకుని ఉంది. మిగతా చోట్ల అద్దంలా అరిగి ఉంది. అంటే ఆ పట్లు నువ్వు వెయ్యడం మానేశావు. వేళ్ళు నొప్పెడుతున్నాయా? నాకు చెప్పకపోతే ఇంకెవరికి చెబుతావు?

ఉరుము కొలతలు: మెడ పదిహేనున్నర, ఛాతీ నలభై, చెయ్యి ఇరవై నాలుగు. ఎడమ భుజం కుడిదానికన్నా అరంగుళం కిందికి జారి ఉంటుంది. పెళ్ళి కాలేదు. వేడినీళ్ళు తాగుతానన్నాడు.

ఇట్లు,
నీ మేనల్లుడు


మంగళవారం

చిరంజీవి పిచ్చుకకు,

ఆశీస్సులు. నా వేళ్ళకేం? గుండ్రాళ్ళలా ఉన్నాయి. దుమ్ము గురించి అంటావా, మా ఇంట్లో దుమ్మెక్కువ. ఇంకోసారి నా వేళ్ళ ప్రస్తావన తెస్తే ఉత్తరం తిరుగు టపాలో పంపేస్తాను.

గిటారు అతికిందని తొందరపడి పంపకు. జిగురు ఆరిందో లేదో ఇంకో పది రోజులు చూడు. చెక్కతో వ్యవహారం, పైకి ఆరినట్టే కనిపిస్తుంది. ఇక్కడ వాతావరణం కూడా దానికి పడదు. పార్సిల్ వాళ్ళు ఈమధ్య సరిగ్గా రావడం లేదని పక్కింటావిడ చెప్పింది.

ఆదివారం మా వీధి చివరి ముసలి డాక్టరు గారి సంతాపసభ జరిగింది. ప్రార్థన గీతం మమ్మల్నే పాడమన్నారు. పాటాయనకి ఆయన చిన్ననాటి స్నేహితుడు. సగంలో ఇతను పాట ఆపేసి మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. నేను ఒక స్వరం మీటి అలాగే నొక్కిపట్టుకున్నాను. నా పాత గిటారైతే ఆ స్వరం రెండు క్షణాలైనా నిలిచేది కాదు. ఇది నిలిచింది, పిచ్చుకా. సన్నగా, తెగకుండా, అతను కళ్ళు తుడుచుకుని ఊపిరి తీసుకునేదాకా నిలిచింది. ఆ స్వరం మీదే అడుగేసి మళ్ళీ పాటలోకొచ్చాడు. తిరిగొచ్చాక మా గుమ్మం దగ్గర ఆ పెట్టె నా చేతిలోంచి అందుకుని లోపల పెట్టి వెళ్ళాడు. పంతొమ్మిదేళ్ళలో నా పెట్టె మోయడం అదే మొదటిసారి.

అందుచేత ఉరుముతో చెప్పు. గిటారు కావాలంటే శనివారం సాయంత్రం హోటలుకి తనే వచ్చి నా చేతిమీదుగా తీసుకోవాలి. మధ్యవర్తులు వద్దు. అతనితో నేను ముఖాముఖి తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

చొక్కా ఈ పార్సిల్లో ఉంది. రెండు రోజుల్లో కుట్టాను, అగ్గిపుల్ల మూడుసార్లు విరిగింది.

ఇట్లు,
నీ అత్తయ్య

తా.క.: ఎడమ భుజం జారుడా? విచిత్రం. నీకూ అంతేగా.


గురువారం

అత్తయ్యకు నమస్కారాలు.

ఉరుము రాలేడు. నీతో ముఖాముఖి అనేసరికి, అంటే నీ మీద గౌరవం కొద్దీ, కాస్త కంగారుపడ్డాడు. పైగా అనుకోకుండా ఓడలో వాయించే ఉద్యోగం వచ్చింది. రేపే ఎక్కుతున్నాడు. ఆరు నెలలదాకా నేల మీద కాలు పెట్టడు. నువ్వు ఎంత కోపంగా ఉన్నావో నాకు తెలుసు, పాపం అతన్ని ఏమీ అనకు. భుజం విషయానికొస్తే, గిటారు మోసేవాళ్ళందరికీ అదే జారుడు.

చొక్కా ఇచ్చాను. చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. సరిగ్గా సరిపోయింది. అతను రాసిన చీటీ ఇందులో పెడుతున్నాను. ఎడమచేతి వాటం మనిషి, రాత వంకరగా ఉంటే ఏమీ అనుకోకు.

నీ గిటారు నిన్ననే పంపించేశాను. నీ ఉత్తరం వచ్చేసరికే పార్సిల్ బయల్దేరిపోయింది. రేపు అందుతుంది. నల్లదాన్ని మాత్రం తిప్పి పంపెయ్, ఓడలో అతనికి కావాలి.

శనివారం బాగా జరగాలి. ఏ సంగతీ నాకు వెంటనే రాయి.

ఇట్లు,
నీ మేనల్లుడు

(చీటీ)
"అత్తయ్య గారికి, చొక్కాకి చాలా థాంక్సండి. నాకు ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నారండి, మంచివాళ్ళేనండి, కాస్త కోపం ఎక్కువ. మీ పరీక్షలో మీరే గెలుస్తారండి. నాలుగు దాటించకండి. ఇట్లు, ఉరుము."


ఆదివారం

నా పిచ్చుకకు,

ఆశీస్సులు. ముందు నువ్వు ఎదురుచూస్తున్నది చెప్తాను.

నిన్న సాయంత్రం రెండు గిటార్లూ మంచం మీద పక్కపక్కన పెట్టుకుని నిలబడ్డాను. నీ పనికి వంక పెట్టడానికి లేదు, పగులెక్కడో నాకే కనిపించలేదు. దాన్ని చేతిలోకి తీసుకుని మొదటి పట్టు వేశాను. వేలు అడ్డంగా పరిచాను. వేలి కణుపు దగ్గర చురుక్కుమంది, తీగలు బొయ్యిమన్నాయి. నిజమేరా. రెండేళ్ళుగా నొప్పే. ఆ పట్లన్నీ దొంగచాటుగా సగం సగం వేస్తున్నాను. మా వాళ్ళిద్దరికీ తెలిస్తే తీసేస్తారని భయం. వాళ్ళు తీసెయ్యరని నాకు తెలుసు, అయినా భయమే. నల్లదాని మీద అదే పట్టు వేశాను. ఆ సన్నటి మెడ మీద వేలు వేసిందే తెలియలేదు, ఆరు తీగలూ పలికాయి. దాన్నే భుజాన వేసుకుని బయల్దేరాను.

హాలు కిటకిటలాడింది. ఒక జంట నెమ్మదిగా నాట్యం చేసే పాట అడిగారు, వాయించాం. ఒక పాపకి పుట్టినరోజు, గంతులేసే పాట వాయించాం. ఉద్యోగం విరమించిన ఒక గుమాస్తా గారికి వీడ్కోలు పాట వాయిస్తే ఆయన జేబురుమాలు సరిపోలేదు. అన్నిటికీ ఇదే గిటారు, ఇవే రెండు చేతులు. స్విచ్చి ఇటూ అటూ, నాబ్ రెండు నుంచి నాలుగు దాకా.

చివర్లో మేనేజరు, "ఇప్పుడు మిషను వినండి" అని బొత్తాం నొక్కాడు. అది ఒక పాట ఎత్తుకుని మొదటి ముక్క దగ్గరే ఇరుక్కుంది. అదే ముక్క, మళ్ళీ అదే ముక్క. ఎన్ని బొత్తాలు నొక్కినా ఆగదే. మూలన్నుంచి ఒకాయన "ఎవరైనా దాని నోరు ముయ్యండి బాబూ" అని అరిచాడు. పెద్దాయన నా వైపు చూశాడు. కళ్ళజోడు పెట్టుకునే ఉన్నాడు. నేను నాబ్ మీద చెయ్యి వేసి పదికి తిప్పాను.

ఏం వాయించానో తెలుసా? పదిహేడేళ్ళ కుర్రాడొకడు మా ఇంట్లో తలుపేసుకుని రోజూ వాయించిన పాట. తనే కట్టుకున్నది. ఏడాదిపాటు గోడ ఇవతల కుట్టు మిషను దగ్గర కూర్చుని విన్నాను. తిట్టుకుంటూనే విన్నాను, కానీ ఒక్క స్వరం కూడా మర్చిపోలేదు. మొదటి మీటుకే మిషను నోరు ఎటు పోయిందో తెలియలేదు. పెద్దాయన డ్రమ్ముల మీద పాతికేళ్ళవాడైపోయాడు. పాటాయనకి ఆ పాట మాటలు తెలియవు కనక "ఓ" అని ఒక్క రాగం తీశాడు, ఆ గొంతు అతనిలో ఉందని అతనికే తెలియదు. వంటవాళ్ళు గరిటెలతో సహా బయటికొచ్చి నిలబడ్డారు. అయిపోయాక గుమాస్తా గారు లేచి, "ఈ పాట మీ మిషనులో ఉందా?" అని మేనేజరుని అడిగాడు. అతను వెయ్యి పాటల పట్టికా తిరగేశాడు. లేదు.

మేముంటున్నాం. మిషనుని పంపేశారు. శనివారాలు ఆఖరి పాట మాత్రం పదిలో వాయించాలని మేనేజరు షరతు పెట్టాడు.

ఇక నీ సంగతి. ఎరుపు మీద నలుపు పూశావు, బాగానే పూశావు. పుర్రె కూడా అతికించావు. అంత పనితనం తెలిసినవాడివి, నా కుట్టు మిషనులోంచి పీకి దానికి బిగించుకున్న ఇత్తడి స్క్రూ మార్చాలని తోచలేదా? పెట్టె తెరిచిన రోజే దాని మీద చెయ్యి వేసి చూశాను. పళ్ళ అంచున్న ఆ తల నాకు తెలియదా! అమ్మేశానని నాతో చెప్పి ఇరవై రెండేళ్ళు దాచుకున్నావు. నేనూ నోరు విప్పలేదు, ఎందుకంటే విప్పితే నాదే తప్పని ఒప్పుకోవాల్సి వస్తుంది. అందుకే పాపం ఆ ఉరుముని అంత వేధించాను. అతన్ని ఓడ ఎక్కించినప్పుడు మాత్రం నవ్వలేక చచ్చాను.

నాదే తప్పురా. వినకుండా అరుపన్నాను, నీ చేతిలోంచి లాక్కున్నాను. నన్ను క్షమించు. ఇది అత్తయ్యగా కాదు, గిటారు వాయించే మనిషిగా ఇంకో గిటారు వాయించే మనిషిని అడుగుతున్నాను.

నల్లదాన్ని తిప్పి పంపను. నా పాతదాన్ని మాత్రం నీకు పంపిస్తున్నాను, దాన్ని నువ్వు వాయించు. వచ్చే శనివారం దాన్ని తీసుకుని రా. ఆఖరి పాట మధ్యలో ఒక ముక్క నాకు ఎప్పుడూ సరిగ్గా వినపడేది కాదు, నా కుట్టు మిషను గడగడలో కలిసిపోయేది. అది నువ్వే చూపించాలి.

ఇట్లు,
నీ అత్తయ్య

తా.క.: నేను తా.క.లు చదవనని అన్నాను గానీ నువ్వు ఇది చదువు. బీరువాలో మడతపెట్టి దాచిన ఆ చొక్కా బయటికి తీసి కాలరు లోపల చూడు. కొలతలు రాకముందే కుట్టిన అక్షరాలవి, "పిచ్చుక" అని ఉంటుంది. శనివారం అదే వేసుకురా. స్క్రూ సంగతి వదిలెయ్, ఎక్కడుందో అక్కడే ఉండనీ. వస్తూ ఒక అగ్గిపెట్టె పట్టుకురా.